కొత్త ఫ్రిజ్‌ను ఇంట్లో పెట్టుకోవడం, లెవెల్ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ఫ్రిజ్ వచ్చిన మొదటి వారంలో వినిపించే ఫిర్యాదులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. గడగడమని శబ్దం, తలుపు సరిగ్గా పడకపోవడం, అడుగున నీళ్లు చేరడం, ఎంతసేపైనా చల్లబడటం లేదన్న టెన్షన్. వీటిలో నిజంగా మెషీన్ లోపం వల్ల వచ్చేవి తక్కువ. ఫ్రిజ్ పెట్టిన చోటు, లెవెల్, ఆన్ చేయడంలో తొందర, ఈ మూడింటి వల్ల వచ్చేవే ఎక్కువ. అందులోనూ లెవెల్‌ను దాదాపు ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఇక్కడ దానికే ఎక్కువ చోటు దొరికింది. మీ మోడల్‌తో వచ్చిన మాన్యువల్‌లో వేరేగా చెప్పి ఉంటే మాత్రం దాన్నే పాటించండి.

ఫ్రిజ్ రాకముందే ఏమేం కొలిచి పెట్టుకోవాలి?

పెట్టే చోటు అందరూ కొలుస్తారు, అక్కడిదాకా వచ్చే దారిని మరిచిపోతారు. వీధి తలుపు, వంటగది తలుపు, మెట్ల మలుపు, లిఫ్ట్, అన్నీ కొలవండి. తలుపు వెడల్పు అంటే ఫ్రేమ్ నుంచి ఫ్రేమ్‌కి కాదు. రెక్క బార్లా తెరిచాక మిగిలే ఖాళీ. రెక్క మందం, గొళ్లెం, హ్యాండిల్ కలిసి అక్కడ కొన్ని సెంటీమీటర్లు మింగేస్తాయి. ఫ్రిజ్ లోతును కూడా హ్యాండిల్‌తో కలిపే లెక్కేయాలి. అప్పటికీ పట్టకపోతే చాలా మోడళ్లకు తలుపులు ఊడదీసి లోపలికి తేవచ్చు, కానీ తలుపు మీద డిస్‌ప్లే ఉన్నవాటికి వైర్లు విప్పాలి. ఆ పని కంపెనీ మనిషికి వదిలేయడమే నయం.

పెట్టే చోట ఇంకొకటి చూడాలి. ఫ్రిజ్ తలుపు తెరుచుకునే వైపు గోడ ఉంటే, తలుపు 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చాలా ఫ్రిజ్‌లలో కింది డ్రాయర్ పూర్తిగా బయటికి రావాలంటే తలుపు అంతకన్నా ఎక్కువ తెరుచుకోవాలి. డ్రాయర్ కడగడానికి తీయబోయినప్పుడే ఈ సంగతి బయటపడుతుంది.

గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య ఎంత ఖాళీ వదలాలి?

ఫ్రిజ్ లోపలి వేడిని లాగి బయటికి వదులుతుంది. ఆ వేడి పోయే దారి మూసేస్తే కంప్రెసర్, అంటే గొట్టాల్లోని గ్యాస్‌ను నొక్కి తిప్పే మోటారు, ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఎంత ఖాళీ కావాలో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. అది చేతిలో లేకపోతే వెనక కనీసం 5 సెంటీమీటర్లు, పక్కల రెండు మూడు సెంటీమీటర్లు, పైన ఇంకాస్త ఎక్కువ వదలడం మంచిది. వెనక నల్లటి కడ్డీల జాలీ లేని మోడళ్లలో వేడి పక్క రేకుల్లోంచి పోతుంది కాబట్టి వాటికి పక్కల ఖాళీ మరీ ముఖ్యం.

ఏయే చోట్ల పెట్టకూడదు?

నేరుగా ఎండ పడే చోట, పొయ్యి పక్కన, నీళ్లు చిమ్మే చోట వద్దు. మరీ చల్లగా ఉండే గది కూడా కొన్ని ఫ్రిజ్‌లకు పడదు. లోపలి గోడ మీదో వెనకో అతికించిన స్టిక్కర్‌లో క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. ఎస్ఎన్ అని ఉంటే 10 నుంచి 32 డిగ్రీల సెల్సియస్, ఎన్ అయితే 16 నుంచి 32, ఎస్‌టీ అయితే 16 నుంచి 38, టీ అయితే 16 నుంచి 43 డిగ్రీల మధ్య ఉండే గదికి తయారైందని అర్థం. ఎండలు మండే ప్రాంతంలో ఎన్ క్లాస్ ఫ్రిజ్ పెట్టుకుని, ఇది చల్లబడదేంటని అడిగితే దాని తప్పేం లేదు.

ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెచ్చారు. పాడైపోతుందా?

పాడైపోవాలనేం లేదు, కానీ వెంటనే ఆన్ చేయకూడదు. కంప్రెసర్ అడుగున నూనె ఉంటుంది. అందులో తిరిగే భాగాలు అరిగిపోకుండా కాపాడేది ఆ నూనే. ఫ్రిజ్‌ను పడుకోబెట్టినా, బాగా వంచినా అది గొట్టాల్లోకి జారుతుంది. ఆ స్థితిలో ఆన్ చేస్తే కంప్రెసర్ సరిపడా నూనె లేకుండా తిరగాలి, పైగా గ్యాస్‌ను నొక్కాల్సిన చోట నూనెను నొక్కాల్సి రావచ్చు. నిలబెట్టి ఉంచితే నూనె మెల్లగా తన చోటికి దిగుతుంది.

ఎన్ని గంటలు పడుకోబెట్టారో కనీసం అన్ని గంటలు నిలబెట్టి ఉంచమన్నది అందరూ చెప్పే లెక్క. ఎంతసేపు పడుకోబెట్టారో తెలియకపోతే 24 గంటలు ఆగండి. పడుకోబెట్టక తప్పని పరిస్థితి వస్తే ఎటువైపు పడుకోబెట్టాలో మాన్యువల్‌లో చూడాలి. తలుపు మీదికో, వెనక గొట్టాల మీదికో మాత్రం ఎప్పుడూ వద్దు.

నిలబెట్టే తెచ్చారు కదా, అయినా ఆగాలా?

రెండు నుంచి నాలుగు గంటలు ఆగితే చాలు. దారిలో కుదుపులకు, మెట్ల మీద వంపులకు కొంత నూనె కదిలే ఉంటుంది. కొన్ని కంపెనీలు వెంటనే ఆన్ చేసుకోవచ్చంటాయి, కొన్ని ఎక్కువసేపు ఆగమంటాయి. ఈ ఆగే సమయం వృథా కాదు. ప్యాకింగ్ తీయడం, లోపల తుడవడం, లెవెల్ చూడటం, అన్నీ ఖాళీ ఫ్రిజ్‌తో చేయాల్సిన పనులే.

ప్యాకింగ్ తీసేటప్పుడు ఏం చూడాలి?

అట్టపెట్టె విప్పాక నాలుగు వైపులా, ముఖ్యంగా మూలల దగ్గరా, వెనక గొట్టాల దగ్గరా నొక్కులు ఉన్నాయేమో చూసి ఫొటోలు తీసుకోండి. తెచ్చినవాళ్లు వెళ్లకముందే ఈ పని అయిపోవాలి. అడుగున ఉండే థర్మాకోల్ దిమ్మను తీయకుండానే ఫ్రిజ్‌ను వాడేస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. దాన్ని తప్పకుండా తీయాలి. లోపల అరలకు, డ్రాయర్లకు, వెనక నీళ్ల ట్రేకి అతికించిన టేపులన్నీ ఊడదీయండి. ఒక్క టేపు ముక్క మిగిలినా అది మోటారు కదలికకు రెపరెపలాడుతూ వారం పాటు బుర్ర తినేస్తుంది. పెట్టెను మాత్రం కొన్నాళ్లు దాచండి, వెనక్కి పంపాల్సి వస్తే అవసరమవుతుంది.

లోపల తుడవడానికి గోరువెచ్చని నీళ్లలో కాస్త వంటసోడా కలిపితే చాలు. కొత్త ప్లాస్టిక్ వాసన చాలావరకు దాంతోనే పోతుంది. గరుకు పీచు, బ్లీచింగ్ వద్దు.

నేల మీద గీతలు పడకుండా ఎలా జరపాలి?

అడుగున చక్రాలుంటాయి, కానీ చాలా ఫ్రిజ్‌లలో అవి ముందుకూ వెనక్కే తిరుగుతాయి. పక్కకు నెడితే ఈడ్చినట్టే. ముందు ఫ్రిజ్‌ను సూటిగా బయటికి లాగి, అప్పుడు దిశ మార్చాలి. టైల్స్ లేదా చెక్క నేల అయితే దారి పొడవునా మందపాటి అట్టో ప్లైవుడ్డో పరవండి. హ్యాండిల్ పట్టుకుని లాగకూడదు. వెనక గొట్టాలను పట్టుకోవడం అంతకన్నా తప్పు. ఇద్దరు కలిసి అడుగు అంచునూ పై వైపునూ పట్టుకుని, 45 డిగ్రీలకు మించి వంచకుండా కదపాలి.

లెవెల్ నిజంగా అంత ముఖ్యమా? నా పాత ఫ్రిజ్‌కు ఎప్పుడూ చూడలేదే.

పాత ఫ్రిజ్‌ను బహుశా తెచ్చినవాళ్లే సరిచేసి వెళ్లి ఉంటారు. లేదా నేల అదృష్టవశాత్తూ కలిసొచ్చి ఉంటుంది. లెవెల్ తప్పితే జరిగేవి ఇవీ.

తలుపు. ఫ్రిజ్ ముందుకు వాలి ఉంటే తలుపు తనంతట తాను తెరుచుకోవాలని చూస్తుంది. చేత్తో నొక్కి వేసినా ఒక మూల సన్నని సందు మిగలొచ్చు. ఆ సందులోంచి తేమ లోపలికి పోయి ఫ్రీజర్‌లో మంచు పేరుకుంటుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది.

నీళ్లు. మంచు కరిగిన నీరు లోపల వెనకవైపు ఉన్న చిన్న రంధ్రంలోంచి దిగి, కంప్రెసర్ పైన ఉండే ట్రేలో చేరి, ఆ వేడికే ఆవిరైపోతుంది. ఈ దారంతా వాలు మీద ఆధారపడింది. ఫ్రిజ్ ముందుకో పక్కకో ఒరిగితే నీరు రంధ్రం వైపు పోకుండా కూరగాయల డ్రాయర్ కిందికి చేరుతుంది. ఫ్రిజ్ లీకవుతోందని పిలిస్తే వచ్చిన మెకానిక్ ముందు కాళ్లు రెండు చుట్లు తిప్పి వెళ్లిపోవడం మామూలే.

శబ్దం. నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉంటే కంప్రెసర్ కదలికకు మొత్తం పెట్టె అదురుతుంది.

వీటన్నిటికన్నా తక్కువ తెలిసింది, పెట్టె మెలిపడటం. ఫ్రిజ్ బాడీ బలంగా కనిపించినా అది పల్చటి రేకు, ప్లాస్టిక్, మధ్యలో ఫోమ్. ఒక మూలకు ఆధారం లేకపోతే బరువుకు కొద్దిగా మెలితిరుగుతుంది. అప్పుడు పైనుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, తలుపు రబ్బరు మాత్రం ఒక మూల పట్టదు.

నేల సమంగానే ఉంది. మళ్లీ చూడాలా?

కంటికి సమంగా కనిపించే నేలకు కూడా వాలు ఉంటుంది. వంటగదిలో నీళ్లు పోయేందుకు కావాలనే కొంత వాలు పెడతారు. ఫ్రిజ్ పెట్టే చోట వెనక గోడ వారన నేల కాస్త ఎత్తుగానో పల్లంగానో ఉండటం కూడా మామూలే. చూడండి, రెండు నిమిషాల పని.

లెవెల్ ఎలా చూడాలి? రసమట్టం లేకపోతే?

రసమట్టం, అంటే గాజు గొట్టంలో బుడగ ఉండే లెవెల్ పట్టీ, ఉంటే మేలు. ఫ్రిజ్ పైభాగాన ముందు అంచు దగ్గర అడ్డంగా పెట్టి ఎడమ కుడి చూడండి. తర్వాత పక్క అంచు వెంట నిలువుగా పెట్టి ముందు వెనక చూడండి. కీలు మూత మీద గానీ లోపలి గాజు అరల మీద గానీ పెట్టొద్దు. అరలు కొన్ని మోడళ్లలో సహజంగానే కొద్దిగా వాలుగా ఉంటాయి.

ఫోన్‌లో లెవెల్ యాప్ కూడా పనికొస్తుంది, కాకపోతే కెమెరా ఉబ్బు వల్ల ఫోన్ వెల్లకిలా సరిగ్గా ఆనదు. ఫోన్‌ను పక్క అంచు మీద నిలబెట్టి చూడండి. యాప్ చెప్పేది నమ్మొచ్చో లేదో తెలియాలంటే ఒకసారి కొలిచాక ఫోన్‌ను అదే చోట ఇటుది అటు తిప్పి మళ్లీ కొలవండి. అంతే వాలు, అదే వైపుకు చూపిస్తే సరే. తేడా వస్తే రెండింటి మధ్య విలువ తీసుకోండి. రసమట్టానికీ ఇదే పరీక్ష.

రెండూ లేకపోతే చదునైన అడుగున్న గాజు పళ్లెంలో అడుగు మునిగేంత నీళ్లు పోసి ఫ్రిజ్ పైన పెట్టండి. ఏ వైపు నీరు లోతుగా ఉందో అటు పల్లం. మరీ లెక్కగా తెలియదు గానీ ఎడమ కుడి తేడా పసిగట్టడానికి సరిపోతుంది.

కాళ్లు ఎలా సరిచేయాలి?

మొదట అడుగున కాళ్లను కప్పి ఉండే పట్టీ తీయాలి. కొన్నింటికి స్క్రూలు, కొన్నింటికి క్లిప్పులు. కొన్నింటికి అసలు పట్టీయే ఉండదు, కాళ్లు నేరుగా కనిపిస్తాయి. చాలా ఫ్రిజ్‌లలో ముందు రెండు కాళ్లే సర్దుబాటుకు వస్తాయి, వెనక స్థిరమైన చక్రాలు. కొన్ని పెద్ద మోడళ్లలో వెనక చక్రాలను కూడా ముందునుంచే పొడవాటి స్క్రూతో ఎత్తొచ్చు.

ఒకరు ఫ్రిజ్ పైభాగాన్ని మెల్లగా వెనక్కి నెట్టి పట్టుకుంటే ముందు కాళ్ల మీద బరువు తగ్గుతుంది. అప్పుడు ఇంకొకరు చేత్తోనో స్పానర్‌తోనో తిప్పాలి. బరువు మోస్తున్న కాలిని బలవంతంగా తిప్పితే మర పోతుంది, లేదా ప్లాస్టిక్ అడుగు ఊడి చేతికొస్తుంది. ఒక్కో కాలిని సగం చుట్టు తిప్పి, ఫ్రిజ్‌ను వదిలి, మళ్లీ కొలవండి. ఒకేసారి నాలుగైదు చుట్లు తిప్పేస్తే ఎక్కడ మొదలుపెట్టారో మీకే తెలియకుండా పోతుంది.

ముందు రెండు కాళ్లూ నేలకు గట్టిగా ఆనాలి. ఫ్రిజ్ చక్రాల మీదే నిలబడి ఉంటే తలుపు లాగినప్పుడల్లా ముందుకు కదులుతుంది. బరువైన సీసాలన్నీ తలుపులో పెట్టేవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఈ ఒక్క సంగతినైనా తప్పక చూసుకోవాలి.

ఎటు తిప్పితే ఫ్రిజ్ పైకి లేస్తుంది?

మామూలు స్క్రూ కాలు అయితే, పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పితే కాలు బయటికి వచ్చి ఆ మూల లేస్తుంది. ఫ్రిజ్ ఎదురుగా కూర్చున్న మనిషికి, కాలి ముందు అంచు కుడి నుంచి ఎడమకు కదలాలన్నమాట. మోడల్‌ను బట్టి తేడా ఉండొచ్చు. పావు చుట్టు తిప్పి చూస్తే అనుమానం తీరిపోతుంది.

ముందుభాగం ఎత్తుగా ఉండాలంటారు. ఎంత?

ఎడమ కుడి సమంగా, ముందుభాగం వెనక కన్నా కొంచెం ఎత్తుగా ఉండాలి. చాలా మోడళ్లకు 5 నుంచి 10 మిల్లీమీటర్ల తేడా సరిపోతుంది. ఫ్రిజ్ లోతు 65 సెంటీమీటర్లనుకుంటే అది అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ లోపు. ఫోన్ యాప్‌లో 0.5 కనిపించినా చాలు. మాన్యువల్ పూర్తి లెవెల్ అంటే పూర్తి లెవెలే పెట్టండి.

కొలత కన్నా తలుపు మంచి సాక్షి. తలుపును 45 డిగ్రీల దాకా తెరిచి వదిలేయండి. మెల్లగా తనంతట తాను వెనక్కి వచ్చి పడితే ముందు ఎత్తు సరిపోయింది. అక్కడే నిలిచిపోతే ముందు కాళ్లు రెండూ ఇంకో సగం చుట్టు ఎత్తండి. బయటికి వెళ్తుంటే ముందు పల్లంగా ఉంది. ధభీమని పడిపోతుంటే ఎక్కువ ఎత్తారు. అలా వదిలేస్తే తలుపు అరల్లోని సీసాలు ప్రతిసారీ ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

లెవెల్ సరిగ్గానే చూపిస్తోంది, కానీ ఫ్రిజ్ ఊగుతోంది. ఎందుకు?

లెవెల్‌గా ఉండటం వేరు, నాలుగు కాళ్లూ నేలకు ఆనడం వేరు. పై మూలలు రెండింటినీ పట్టుకుని ఎదురెదురు మూలల వైపుకు మెల్లగా నొక్కి చూడండి. టక్ టక్ మని కదిలితే ముందు కాళ్లలో ఏది గాల్లోకి లేస్తోందో చూసి దాన్ని ఊగడం ఆగేదాకా దించండి. వెనక చక్రం గాల్లో ఉన్నా దానికి ఎదురు మూలనున్న ముందు కాలినే సరిచేయాలి. ఆ తర్వాత ఎడమ కుడి లెవెల్ మళ్లీ చూడండి. అది బాగా చెడిపోతే వెనక నేలలోనే తేడా ఉందని అర్థం. అప్పుడు పల్లంగా ఉన్న వెనక చక్రం కింద పల్చటి గట్టి పలక వేయాలి.

కాళ్ల కింద అట్టముక్క మడిచి పెట్టొచ్చా?

వద్దు. అట్ట బరువుకు అణిగిపోతుంది, తడిస్తే మెత్తబడుతుంది. మెత్తటి స్పాంజి కూడా అంతే. ప్లైవుడ్, గట్టి రబ్బరు లేదా టైల్ ముక్క వాడండి, అదీ కాళ్ల సర్దుబాటుతో పని జరగనప్పుడే. కార్పెట్ ఉన్న గదిలో ఫ్రిజ్ అడుగు మొత్తానికి సరిపోయే గట్టి పలక వేసి దాని మీద పెట్టాలి. లేకపోతే కాళ్లు దిగబడతాయి, కింద గాలి ఆడదు.

స్టాండ్ మీద పెట్టుకోవచ్చా?

కింద కడగడం సులువవుతుందని చాలామంది పెడతారు. పెద్ద ఫ్రిజ్‌కైతే నేను వద్దనే అంటాను. పెట్టక తప్పదనుకుంటే, సామాన్లతో నిండిన ఫ్రిజ్ బరువును మోయగలదో లేదో చూసి, నాలుగు కాళ్లూ స్టాండ్ గుంటల్లో సరిగ్గా కూర్చునేది తీసుకోండి. ముందు స్టాండ్‌ను లెవెల్ చేయాలి, ఆ తర్వాత దాని మీద ఫ్రిజ్‌ను. చక్రాల స్టాండ్ అయితే బ్రేకులు వేసే ఉంచాలి. స్టాండ్ మీద పెట్టాక శబ్దం పెరిగితే దోషం ఫ్రిజ్‌ది కాదు, స్టాండ్‌ది.

రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఒక తలుపు కిందికి కనిపిస్తోంది. లోపమా?

పక్కపక్కన తలుపులున్న ఫ్రిజ్‌లో చాలాసార్లు ఇది లెవెల్ సమస్యే. ఏ తలుపు కిందికి ఉందో ఆ వైపు ముందు కాలిని కొద్దికొద్దిగా ఎత్తండి, రెండూ కలుస్తాయి. అది చాలకపోతే కింది కీలు దగ్గర తలుపు ఎత్తు మార్చే నట్టు కొన్ని మోడళ్లలో ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు సమంగా ఉండి, తలుపులో బరువులు పెట్టాక మిల్లీమీటరో రెండో దిగితే కంగారు పడక్కర్లేదు. తలుపు రబ్బరు చుట్టూ పడుతోందా లేదా అన్నదే చూడాలి.

రబ్బరు సరిగ్గా పడుతోందని ఎలా తెలుస్తుంది?

ఒక కాగితం ముక్కను సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు వేసి లాగండి. కాస్త పట్టుతో రావాలి. నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ ఇలా చూడండి. ఒకే మూల వదులుగా ఉంటే ముందు లెవెల్ చూడండి. చుట్టూ అక్కడక్కడా వదులుగా ఉంటే ప్యాకింగ్‌లో రబ్బరు మడతపడి ఉండొచ్చు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అద్ది, వేళ్లతో సరిచేసి, తలుపు వేసి ఒక రోజు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

ప్లగ్ విషయంలో ఏం జాగ్రత్తలు?

ఎర్త్ ఉన్న గోడ సాకెట్‌లో నేరుగా, ఫ్రిజ్ ఒక్కదానికే. ఎక్స్‌టెన్షన్ బోర్డు, మల్టీప్లగ్ వద్దు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు ఎక్కువ, వదులు కనెక్షన్ దగ్గర అది వేడెక్కుతుంది. ఫ్రిజ్‌ను వెనక్కి నెట్టేటప్పుడు వైరు చక్రం కింద పడకుండా చూడండి. ఇలా నలిగిన వైరు బయటికి కనిపించదు కాబట్టి మరీ ప్రమాదం. ఓల్టేజీ బాగా హెచ్చుతగ్గులయ్యే చోట స్టెబిలైజర్ అవసరమా అన్నదానికి జవాబు స్టిక్కర్ మీదా మాన్యువల్‌లోనూ ఉండే ఓల్టేజీ పరిధిలోనే దొరుకుతుంది.

ప్లగ్ తీసి వెంటనే మళ్లీ పెట్టకండి, ఐదు నిమిషాలు ఆగండి. ఆగిన కంప్రెసర్‌కు రెండు వైపులా గ్యాస్ ఒత్తిడి సమం కావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

ఆన్ చేశాక ఎంతసేపటికి చల్లబడుతుంది? సామాన్లు ఎప్పుడు పెట్టొచ్చు?

రెండు మూడు గంటల్లో చలి తెలుస్తుంది. పూర్తిగా నిలకడకు రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, గది వేడిగా ఉంటే ఇంకా ఎక్కువ. త్వరగా పాడయ్యే పదార్థాలను లోపల 5 డిగ్రీల కన్నా తగ్గిందని చూశాకే పెట్టండి. మొదటి రోజే నిండా నింపేస్తే, అందులోనూ వేడివి పెడితే, చల్లబడటం ఇంకా ఆలస్యమవుతుంది.

ఫ్రిజ్ భాగంలో 3 నుంచి 5 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు పెట్టుకుంటే సరిపోతుంది. నాబ్ ఉన్న మోడళ్లలో 1 నుంచి 5 వరకో 7 వరకో ఉండే అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగితే చలి పెరుగుతుంది, అంతే. మధ్యలో పెట్టి ఒక రోజు వదిలేయండి. నిజంగా ఎంత ఉందో తెలుసుకోవాలంటే గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి మధ్య అరలో పెట్టి మర్నాడు చూడండి. ఉత్త గాలి వేడిమి తలుపు తీయగానే మారిపోతుంది.

ఏ శబ్దాలు మామూలు? వేటికి భయపడాలి?

గులగులమని నీళ్లు పారినట్టు వచ్చేది గొట్టాల్లో గ్యాస్ కదలిక. టప్ మని పగిలినట్టు వచ్చేది చలికి ప్లాస్టిక్ ముడుచుకునే చప్పుడు, మొదటి రోజుల్లో ఎక్కువ. మంచును తనంతట తానే హీటర్‌తో కరిగించుకునే ఫ్రాస్ట్ ఫ్రీ మోడళ్లలో అప్పుడప్పుడూ చుయ్ మంటే కరిగిన నీటిబొట్టు హీటర్ మీద పడిందన్నమాట. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ గంటల తరబడి సన్నగా మోగుతూనే ఉంటుంది, అది దాని తీరు.

గడగడ, టకటక మాత్రం వెతకాల్సినవి. ఫ్రిజ్ పక్కన చెయ్యి పెట్టి నొక్కండి. ఆగితే లెవెల్ తప్పింది, లేదా గోడకు తగులుతోంది. ఆగకపోతే పైన పెట్టిన సామాను, లోపల ఆనుకున్న సీసాలు, వెనక నీళ్ల ట్రే, ఈ వరసలో చూడండి. కంప్రెసర్ మొదలవ్వబోయి టక్ మని ఆగిపోవడం కొన్ని నిమిషాలకొకసారి జరుగుతుంటే అది మెకానిక్ చూడాల్సిందే.

పక్కలు వేడిగా ఉన్నాయి. గ్యాస్ అయిపోయిందా?

లేదు, వేడి బయటికి పోతోందంటే పని చేస్తున్నట్టే. తలుపు ఫ్రేమ్ చుట్టూ కూడా గోరువెచ్చగా ఉండొచ్చు, అక్కడ తేమ పట్టకుండా అలా చేస్తారు. మొదటి రోజు ఇది ఎక్కువ.

తలుపు వేసిన వెంటనే మళ్లీ తెరవబోతే రావడం లేదు.

తలుపు తెరిచినప్పుడు వెచ్చని గాలి లోపలికి వెళ్తుంది. మూయగానే అది చల్లబడి ముడుచుకుంటుంది, లోపల ఒత్తిడి తగ్గి బయటి గాలి తలుపును నొక్కుతుంది. అర నిమిషం, నిమిషం ఆగితే వస్తుంది. రబ్బరు బాగా పట్టిందనడానికి ఇది మంచి గుర్తు.

ఫ్రిజ్‌లో చల్లబరచడానికి వాడే ఆర్-600ఎ గ్యాస్ మండుతుందట. ప్రమాదమా?

అది ఐసోబ్యూటేన్, మండే గ్యాసే. ఇళ్లలోని ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే, అదీ మూసిన గొట్టాల్లో. అంతకుముందు ఎక్కువగా వాడిన ఆర్-134ఎ వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,430 రెట్లు ఎక్కువ కాబట్టి దీనికి మారారు. మీరు చేయాల్సింది గొట్టాలకు దెబ్బ తగలనీయకపోవడం, మంచును కత్తితో గీకకపోవడం. గొట్టం పగిలిందనిపిస్తే కిటికీలు తెరవండి, స్విచ్‌లు ముట్టుకోకండి, మంట వెలిగించకండి.

ఒకసారి లెవెల్ చేస్తే ఇక చూడక్కర్లేదా?

సామాన్లు నిండిన వారం తర్వాత ఒకసారి చూడండి. బరువుకు కాళ్లు, నేల రెండూ కొద్దిగా సర్దుకుంటాయి. ఆ తర్వాత శుభ్రం చేయడానికి ఫ్రిజ్‌ను బయటికి లాగిన ప్రతిసారీ 45 డిగ్రీల తలుపు పరీక్ష చేస్తే చాలు. అన్నట్టు, లాగే ముందు కాళ్లు పైకి తిప్పాలి. లేకపోతే అవే నేలను గీకుతాయి.

పాత ఫ్రిజ్‌ను ఇంట్లోనో బయటో కొన్నాళ్లు ఉంచాలి. ఏం చేయాలి?

తలుపు ఊడదీసి పక్కన పెట్టండి. ఆడుకుంటూ పిల్లలు లోపల దూరితే గాలి ఆడదు. గొళ్లెం పడే పాత తలుపుల రోజుల్లో ఇలా పిల్లలు చనిపోవడం వల్లే అమెరికాలో 1956లో ప్రత్యేకంగా చట్టం చేసి, లోపలినుంచి నెట్టినా తలుపు తెరుచుకునేలా ఉండాలన్నారు. ఇప్పటి అయస్కాంత రబ్బరు తలుపు నెడితే వస్తుంది, కానీ చిన్నపిల్లలకు ఆ బలం చాలకపోవచ్చు. లోపల గ్యాస్ ఉంటుంది కాబట్టి గొట్టాలు కోయకుండా, పాత ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకునేవారికే ఇవ్వండి.

ఇన్ని చూసుకున్నాక కూడా ఎప్పుడు కంపెనీకి ఫోన్ చేయాలి?

24 గంటలు దాటినా ఫ్రీజర్‌లో నీళ్లు గడ్డకట్టకపోతే, ఫ్రిజ్‌ను ముట్టుకుంటే షాక్ కొడితే, కాలిన వాసన వస్తే, లెవెల్ సరిచేశాక కూడా కాగితం ఒక మూల వదులుగానే వస్తే. షాక్, కాలిన వాసన అయితే ముందు మెయిన్ ఆపి, ఆ తర్వాత ప్లగ్ తీయండి. ఫోన్ చేసేటప్పుడు లోపలి స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరు, సీరియల్ నంబరు అడుగుతారు. కొన్నింటికి ఆ స్టిక్కర్ కూరగాయల డ్రాయర్ వెనక పక్క గోడకు ఉంటుంది. నింపకముందే దానికో ఫొటో తీసి ఉంచుకుంటే అప్పుడు డ్రాయర్లు ఖాళీ చేసే పని తప్పుతుంది.